రెండు బ్యాటరీలు, 14 ఆంపియర్లు

మొన్న మే నెలలో ఒక శుక్రవారం రాత్రి పదిన్నరకి అమ్మ ఫోన్ చేసి, తిన్నావా పడుకున్నావా అని కూడా అడక్కుండా, "ఇన్వర్టర్ దగ్గర కుళ్లిన కోడిగుడ్డు వాసనొస్తోందే, మీ నాన్నకి చెబితే నా ముక్కుకే ఏదో అయిందంటున్నారు" అంది. వాళ్లు తెనాలిలో, నేను హైదరాబాద్‌లో. ఫోన్ తీసుకెళ్లి బ్యాటరీ పక్కన పెట్టమన్నాను. ఎసరు మరిగినట్టు సన్నగా కుతకుత వినిపించింది. బోర్డు మీద ఇన్వర్టర్‌కి కరెంటు వెళ్లే స్విచ్ ఆపించేశాను, ఇన్వర్టర్ కూడా ఆపించాను, కిటికీలు తీయించాను, ఆ గదిలో అగ్గిపుల్ల గీయొద్దని నాన్నకి రెండుసార్లు చెప్పాను (ఆయన బీడీ మానేసి పదేళ్లయినా సరే). ఇంకేముంది, ఛార్జింగ్ ఆగింది కదా, తెల్లారేసరికి చల్లబడుతుందనుకుని నిద్రపోయాను.

తెల్లారి రైల్లో ఉండగా నాన్న ఫోన్. "చప్పుడు తగ్గిందిగానీ పూర్తిగా ఆగలేదే. చెయ్యి పెడితే పాత బ్యాటరీ గోరువెచ్చగానే ఉంది. స్విచ్ ఆపేశాం కదా, ఇంకా ఎవరు ఛార్జ్ చేస్తున్నట్టు దాన్ని?"

"పక్కనున్న కొత్త బ్యాటరీ నాన్నా" అన్నాను. అనేదాకా ఆ సంగతి నాకే తట్టలేదు. ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, చదివినదాన్ని, చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

అసలు కథ ఫిబ్రవరిలో మొదలైంది. మా ఇంట్లో ఉన్నది 12 వోల్టుల ఇన్వర్టర్, దానికి 150 ఆంపియర్-అవర్ (బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత, ఆంపియర్లని గంటలతో గుణిస్తే వచ్చేది) ట్యూబ్యులర్ రకం లెడ్-యాసిడ్ బ్యాటరీ ఒకటి. కొని నాలుగేళ్లు దాటింది. ఒకప్పుడు ఐదు గంటలు లాగేది రెండున్నరకి చేతులెత్తేస్తోంది. ఎండాకాలం వచ్చేస్తోంది, ఏం చేద్దామని నాన్న దుకాణంలో అడిగితే, "పాతది పారేయడమెందుకు సార్, పక్కన కొత్తది ఇంకోటి వేసేద్దాం, డబుల్ బ్యాకప్" అన్నారట. నాన్న నన్నడిగారు. నేనేదో మీటింగ్‌లో ఉండి ఊఁ అనేశాను. కాబట్టి ఇందులో దుకాణం వాళ్లని ఆడిపోసుకోడానికి నాకు పెద్ద హక్కేం లేదు.

ఆ రోజు కుర్రాడు వచ్చి పాతదాని ప్లస్‌ని కొత్తదాని ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి కలిపాడు. కలిపేటప్పుడు చిటుక్కుమని పెద్ద నిప్పురవ్వ వచ్చిందని నాన్న తర్వాత చెప్పారు. రాదా మరి! కొత్తది నిండుగా 12.7 వోల్టుల దగ్గరుంటే, పాతది సగం ఖాళీ అయి 12.1 దగ్గరుంది. మధ్యలో తేడా 0.6 వోల్టు. వినడానికి ఎంత, ఏమీ లేదు. కానీ బ్యాటరీ లోపలి నిరోధం మిల్లీ ఓముల్లో ఉంటుంది, అంటే ఓములో వెయ్యో వంతుల్లో. కొత్తదానికి 5, ముసలిదానికి 15 అనుకుంటే మొత్తం 20 మిల్లీ ఓములు. 0.6ని దాంతో భాగించండి, 30 ఆంపియర్లు. కలిపిన క్షణంలో కొత్తది పాతదాంట్లోకి పోసే కరెంటు అది. అందుకే కలిపే ముందు రెండింటినీ విడివిడిగా పూర్తిగా ఛార్జ్ చేసి, వోల్టేజీలు దగ్గరికొచ్చాకే జత కట్టాలి. చిన్న పనే, ఒక పూట పడుతుంది, అంతసేపు ఎవరాగుతారు?

ఉగాదికి ఇంటికెళ్లినప్పుడు నా క్లాంప్ మీటర్ (వైరు విప్పకుండా, దాని చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) పట్టుకెళ్లాను. ఇక్కడో మాట. ఎలక్ట్రీషియన్ల దగ్గర మామూలుగా ఉండే క్లాంప్ మీటర్ ఏసీ కరెంటుని మాత్రమే కొలుస్తుంది, బ్యాటరీ వైరుకి తగిలిస్తే సున్నా చూపిస్తుంది, సున్నా చూసి "కరెంటే వెళ్లట్లేదండీ" అని కంగారు పెట్టేవాళ్లని నేను చూశాను. డీసీ, అంటే బ్యాటరీ కరెంటు, కొలిచేది అడిగి కొనుక్కోవాలి, అందులో అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటుంది, కాస్త ఖరీదెక్కువ.

పండగ రోజు మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయి వచ్చింది. వచ్చిన పది నిమిషాలకి కొలిచాను. ఇన్వర్టర్ నుంచి బ్యాటరీలకి వెళ్తున్నది 14 ఆంపియర్లు. చెరి సగం, ఏడేసి ఉండాలి కదా అని ఒక్కోదాని వైరుకి తగిలించి చూస్తే, కొత్తదాంట్లోకి 10.5, పాతదాంట్లోకి 3.5.

నాన్న అక్కడే నిలబడి చూస్తున్నారు. "ఛార్జర్ పక్షపాతం చూపిస్తోందేంటే" అన్నారు.

ఇన్వర్టర్ లోపలి ఛార్జర్‌కి అక్కడ రెండు బ్యాటరీలున్నాయన్న సంగతే తెలీదు. దానికి తెలిసిందల్లా ఎర్ర వైరూ నల్ల వైరూ. 14 ఆంపియర్లు బయటికి తోస్తుంది, అక్కడితో దాని పని అయిపోయింది. రెండు బ్యాటరీలు కలిసిన బోల్టు దగ్గరికి ఎంత వచ్చిందో అంతే రెండు దారుల్లో పోవాలి, మధ్యలో మాయమవ్వడానికి లేదు. ఈ ముక్కని సూత్రంగా 1845లో రాసినప్పుడు కిర్కాఫ్ వయసు 21, ఇంకా విద్యార్థే. మనం ఇంటర్లో బట్టీపట్టి మర్చిపోయిన కిర్కాఫ్ మొదటి నియమం అదే.

మరి ఎవరికెంత అన్నది ఎవరు తేలుస్తారు? బ్యాటరీలే. ప్యారలల్‌లో, అంటే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి ఉన్నాయి కాబట్టి రెండింటి బోల్టుల దగ్గరా వోల్టేజి ఒకటే. ప్రతి బ్యాటరీకీ లోపల తన సొంత వోల్టేజి ఒకటుంటుంది, ఎంత నిండితే అంత పెరిగేది. బయటి వోల్టేజిలోంచి ఆ సొంత వోల్టేజిని తీసేయగా మిగిలిన తేడాని, ఆ బ్యాటరీ లోపలి నిరోధంతో భాగిస్తే, అది తీసుకునే కరెంటు వస్తుంది. మా ఇంట్లో ఆ మధ్యాహ్నం రెండూ దాదాపు ఒకేలా ఖాళీ అయ్యాయి, 12.4 అనుకోండి. అప్పుడు తేడా తెచ్చేది నిరోధం ఒక్కటే. 5కి 15, అంటే మూడింతలు. నిరోధం తక్కువున్నది మూడు వంతులు తీసుకుంటుంది, ఎక్కువున్నది ఒక వంతు. 10.5, 3.5. లెక్క సరిపోయింది.

ఇక్కడితో ఆగిపోతే మాత్రం తప్పు బోధపడుతుంది. "పాతదానికెప్పుడూ పావు వంతే వెళ్తుంది, కాబట్టి అదెప్పటికీ నిండదు" అని చాలామంది అంటుంటారు, నేనూ అలాగే అనుకున్నదాన్నే. రెండు గంటలాగి మళ్లీ కొలిస్తే రెండూ ఏడూ ఏడు దగ్గరకొచ్చేశాయి. ఎందుకంటే కొత్తది మూడింతల వేగంతో నిండుతుంటే దాని సొంత వోల్టేజి కూడా ముందు పెరుగుతుంది, పెరిగిన కొద్దీ బయటి వోల్టేజికీ దానికీ మధ్య తేడా తగ్గి కరెంటు తగ్గుతుంది, తగ్గినంతా పక్కదానికి మళ్లుతుంది. ఎంత పెరిగితే సమానమవుతాయో లెక్కేసి చూశాను. కొత్తది 12.47కి చేరి, పాతది 12.40 దగ్గరే ఉందనుకుందాం. బయట 12.505 వోల్టులుంటే కొత్తదానికి 0.035 బై 5 మిల్లీ ఓములు, ఏడు. పాతదానికి 0.105 బై 15, అదీ ఏడే. వోల్టులో వందకి ఏడు వంతుల తేడా చాలింది, మూడింతల పక్షపాతం మొత్తం చెరిగిపోవడానికి. నిజం బ్యాటరీలో ఇంకా రసాయనాల గొడవ కొంత కలుస్తుంది, అంకెలు ఇంత ముచ్చటగా రావు, కానీ నడక మాత్రం ఇదే.

అంటే మొదటి గంట నిరోధానిది, ఆ తర్వాతంతా ఎవరెంత నిండారన్నదానిది. అడుగున గొట్టంతో కలిపిన రెండు నీళ్ల డ్రమ్ములు చూసే ఉంటారు, ఒకదానికి గొట్టం సన్నం, ఒకదానికి లావు. నింపేటప్పుడు లావు గొట్టం డ్రమ్ము ముందు పైకొస్తుంది, వదిలేస్తే చివరికి రెండూ ఒక మట్టానికొస్తాయి. వదిలేస్తే, అన్న మాట దగ్గరే ఉంది చిక్కంతా. నడిమధ్యలో మళ్లీ కరెంటు పోతే సన్న గొట్టం డ్రమ్ము ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. సగం ఛార్జ్‌తో రోజుల తరబడి ఉండే లెడ్-యాసిడ్ బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, గట్టిపడితే నిరోధం ఇంకా పెరుగుతుంది, పెరిగితే ఇంకా వెనకబడుతుంది.

పనిలో పని, ఆ డబుల్ బ్యాకప్ సంగతి కూడా. బ్యాటరీలు రెండయ్యాయిగానీ ఛార్జర్ పాతదే, అదే 14 ఆంపియర్లు. ఇంతకుముందు 150 ఆంపియర్-అవర్‌కి 14 అంటే పదో వంతుకి దగ్గర, ట్యూబ్యులర్‌కి సరిగ్గా సరిపోయే మోతాదు. ఇప్పుడదే 14ని 300 పంచుకోవాలి. రెండింట్లో కలిపి 120 ఆంపియర్-అవర్లు వాడేశారనుకోండి, నష్టాలు కూడా కలిపి ఇంచుమించు 138 తిరిగి పొయ్యాలి, కనీసం పది గంటలు, చివర్లో కరెంటు సన్నబడుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే. రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయే ఊళ్లో పది గంటలు ఏకధాటిగా ఎవరిస్తారు? కాబట్టి రెండో బ్యాటరీ కొనేటప్పుడు ముందు అడగాల్సింది ఛార్జర్ ఎన్ని ఆంపియర్లిస్తుందని. కొన్ని ఇన్వర్టర్లకి వెనకాల చిన్న స్విచ్ ఉంటుంది, ఛార్జింగ్ కరెంటు పెంచుకోడానికి. మాదానికి లేదు.

ఉగాది రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి కొలిచాను. కొత్తది ఒక ఆంపియరుకి దిగిపోయింది, పాతది మాత్రం ఇంకా మూడు తీసుకుంటోంది. "చూశావా, పాపం పాతది బకాయి తీర్చుకుంటోంది" అని నాన్నతో నవ్వుతూ అన్నాను. అప్పుడే అనుమానం రావాల్సింది. బ్యాటరీలోకి వెళ్లే ప్రతి ఆంపియరూ నిల్వ అవ్వదు. నిండిపోయిన ముసలి బ్యాటరీలో వెళ్లే కరెంటు చాలావరకు నీళ్లని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొట్టడానికీ, వేడెక్కించడానికీ పోతుంది. ఆ మూడు ఆంపియర్లూ ఆకలి కాదు, లోపల ఏదో చెడుతున్న లక్షణం. నేను దాన్ని ఆకలనుకున్నాను.

ఇక మే నెల శనివారం. ఇంటికెళ్లి ముందు మల్టీమీటర్ పెట్టాను. పాతది 12.2, కొత్తది 12.2. రెండూ ఒక్కలాగే! నాన్న కూడా అదే పట్టుకున్నారు, "రెండూ సమానంగానే ఉన్నాయి కదా, మరి ఇదొక్కటే ఎందుకు కాలుతోంది" అని. ప్యారలల్‌లో ఉన్న బ్యాటరీలకి వోల్టేజి కొలిచి మంచీ చెడూ చెప్పబోవడం దండగ. రెండింటినీ లావు రాగి వైరుతో కట్టేశాక సమానంగా కాక ఇంకెలా చూపిస్తాయి, ఒకటి చచ్చిపోయినా సరే. తర్వాత, రెండింటినీ కలిపే వైరుకి క్లాంప్ తగిలించాను. ఛార్జర్ ఆపేసి ఉంది, ఇన్వర్టర్ ఆపేసి ఉంది, ఇంట్లో ఒక్క బల్బు కూడా దాని మీద లేదు. 3.2 ఆంపియర్లు, కొత్తదాంట్లోంచి పాతదాంట్లోకి.

మైనస్ వైపు వైరు విప్పి రెండింటినీ విడదీశాను. అరగంట తర్వాత కొత్తది 12.3, పాతది 10.7.

10.7 అనగానే అర్థమైపోయింది. 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ అంటే రెండేసి వోల్టుల పైచిలుకు ఆరు సెల్స్ వరసగా. ఒక సెల్ లోపల షార్ట్ అయిపోతే మిగిలేది ఐదు, పదిన్నర చిల్లర. పాతదాని ఆరు మూతలూ తీసి చూశాను. ఐదింట్లో నీళ్లు పలకల దాకా ఇంకిపోయి, సన్న బుడగలు ఇంకా ఒకటీ అరా పైకొస్తున్నాయి. ప్లస్ వైపు నుంచి మూడో గుంటలో మాత్రం నీళ్లు నిండుగా, కదలకుండా, అద్దంలా ఉన్నాయి. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌తో పీలిస్తే అందులో 1.08 (ఉత్త నీళ్లయితే 1), యాసిడ్ కాదు, దాదాపు నీళ్లే అన్నట్టుంది. మిగతా ఐదింట్లో 1.26 పైనే, నీళ్లు ఆవిరైపోయి చిక్కబడింది. నాన్నకి ఆ మూడో గుంట చూపించి "ఇదొక్కటి పోయింది" అన్నాను. "నిమ్మకు నీరెత్తినట్టున్నది పోయిందా, ఉడికిపోతున్నవి బాగున్నాయా" అని ఆశ్చర్యపోయారు. అంతే మరి. షార్ట్ అయిన సెల్‌కి వోల్టేజే లేదు, బుడగ ఎక్కడ్నుంచి వస్తుంది? దాని వాటా వోల్టేజి కూడా మిగతా ఐదింటి మీద పడింది. ఛార్జర్ 13.7 దగ్గర పట్టి ఉంచితే ఆరు సెల్స్‌కి తలా 2.28, హాయిగా ఉంటాయి. అదే ఐదుకి పంచితే తలా 2.74, ఉడకక ఏం చేస్తాయి? ఛార్జర్ వైపు నుంచి చూస్తే, ఎంతకీ నిండని బ్యాటరీ ఒకటి కరెంటు లాక్కుంటూనే ఉంది, కాబట్టి అది పోస్తూనే ఉంటుంది. వారం రోజులుగా ఇన్వర్టర్ మీద ఛార్జ్ పూర్తయిందనే పచ్చ లైటు వెలగట్లేదని అమ్మ అప్పుడు చెప్పింది, వాసన రానిదే చెప్పకూడదనుకుందేమో.

ఛార్జర్ ఆపినా ఆ ఉడుకు ఎందుకు ఆగలేదో కూడా ఇదే లెక్క. కొత్తదాని 12.2ని ఐదుకి పంచితే 2.44, ఇంకా కుతకుతలాడే వోల్టేజే. నేను ఫోన్లో స్విచ్ ఆపించి నిశ్చింతగా పడుకున్న రాత్రి, కొత్త బ్యాటరీ తన రక్తమంతా ముసలిదానికి ఎక్కిస్తూ కూర్చుంది. ఆ రాత్రి నేను చెప్పాల్సింది, గాలి బాగా ఆడాక, వాసన పోయాక, ఒక బ్యాటరీ వైరు విప్పించమని. అదీ ఛార్జరూ లోడూ ఆపాకే. హైడ్రోజన్ నిండిన గదిలో బోల్టు విప్పితే వచ్చే రవ్వ ఒక్కటి చాలు, మూతలు కళ్లలోకి ఎగురుతాయి. నాన్నకి అరవై ఎనిమిది, ఆయన చేత ఫోన్లో ఆ పని చేయించకపోవడమే నయమైందని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది.

కుర్రాడు వచ్చాడు, ఫిబ్రవరిలో కలిపినవాడే. మంచివాడు. "అక్కా, మేం రోజూ ఇలాగే కలుపుతాం, ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు" అన్నాడు. అతను అబద్ధం చెప్పట్లేదు. చాలా ఇళ్లలో పాతదీ కొత్తదీ కలిసి రెండేళ్లు నెట్టుకొస్తాయి. కెపాసిటీ వేరైతే కూడా కొంపలేం మునగవు, ఒకే వయసు 100, 150 పక్కపక్కన పెడితే నిరోధాలు కూడా దాదాపు అదే నిష్పత్తిలో ఉంటాయి కాబట్టి రెండుకి మూడు చొప్పున పంచుకుని సర్దుకుపోతాయి. సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ని ఇంకోదాని మైనస్‌కి కలిపితే, అలా కుదరదు, అక్కడ రెండింట్లోంచీ ఒకే కరెంటు పోవాల్సిందే, చిన్నది ముందు నిండి ముందు చస్తుంది. నాకు భయమల్లా వయసు తేడాతో. ముసలిదాంట్లో సెల్ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, ఒంటరిగా ఉంటే అదొక్కటే పోతుంది, ప్యారలల్‌లో ఉంటే పక్కదాన్ని తోడు తీసుకెళ్లబోతుంది. ఒక్కో బ్యాటరీకీ విడిగా ఫ్యూజు పెడితే పెద్ద షార్ట్ నుంచి కాపాడుతుంది, మా 3.2 ఆంపియర్ల లాంటి నెమ్మది చావుని మాత్రం ఏ ఫ్యూజూ ఆపదు.

లిథియం వాళ్లు మాకీ గొడవ లేదనుకోకండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వోల్టేజి మధ్యలో చాలా దూరం బల్లపరుపుగా ఉంటుంది, మూడో వంతు నిండినా ముప్పాతిక నిండినా 13.2, 13.3 అంతే. నేను పైన చెప్పిన సర్దుబాటు, ముందు నిండినది వోల్టేజి పెంచుకుని వెనక్కి తగ్గడం, అక్కడ చాలాసేపటిదాకా జరగదు. నిరోధమే రాజ్యమేలుతుంది. చివర్లో ఒకటి నిండి దాని బీఎంఎస్ (లిథియం బ్యాటరీ లోపల ఉండే కాపలా సర్క్యూట్) తలుపు మూసేస్తే, మొత్తం కరెంటు ఒక్కసారిగా రెండోదాని మీద పడుతుంది. అది తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి.

ఆ ఆదివారం మా బాబాయి వచ్చాడు చూడ్డానికి. ఆయనకి చేపల చెరువు గట్టు మీద షెడ్డుంది, అందులో సోలార్ పెట్టించి 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు ప్యారలల్‌లో వేయించుకున్నాడు. "నాలుగూ ఒకే రోజు కొన్నవేనమ్మా, నాకేం ఢోకా లేదు కదా" అన్నాడు. ఫోటో చూపించమన్నాను. సోలార్ నుంచి బ్యాటరీలని ఛార్జ్ చేసే కంట్రోలర్ నుంచి వచ్చిన ఎర్రదీ నల్లదీ రెండూ మొదటి బ్యాటరీకే బిగించి ఉన్నాయి, అక్కణ్నుంచి రెండోదానికి, మూడోదానికి, నాలుగోదానికి చిన్న ముక్కలతో గొలుసు. చాలా చోట్ల ఇంతే.

కాగితం మీద వేసి చూపించాను. ఒక్కో బ్యాటరీ 5 మిల్లీ ఓములు, బ్యాటరీకీ బ్యాటరీకీ మధ్య ఒక్కో వైరు ముక్క అర మిల్లీ ఓము. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అర మీటరు కాస్త లోపుంటే అంతే ఉంటుంది, లగ్గులు (వైరు కొసన బ్యాటరీకి బిగించే లోహపు ముక్కలు) వదిలేసి. కంట్రోలర్ 40 ఆంపియర్లిస్తుంటే, నాలుగూ ఒకేలా ఖాళీగా ఉన్నప్పుడు, మొదటిదానికి 15.4, రెండోదానికి 10.5, మూడోదానికి 7.7, నాలుగోదానికి 6.4. మొదటిది చివరిదానికి దాదాపు రెండున్నర రెట్లు మింగుతోంది, ఒకే కంపెనీ, ఒకే రోజు కొన్నా సరే.

బాబాయి ఒక్క క్షణం చూసి, "అంటే కాలవ మొదట్లో వాడు తడుపుకోగా మిగిలింది చివరి ఆయకట్టుకి వచ్చినట్టన్నమాట" అన్నాడు. కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకి ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఆయన పొలం చివరి భూముల్లోదే, అక్కడ వరి గిట్టకే చెరువు తవ్వించుకున్నాడు.

దీనికి మందు దాదాపు ఊరికే వస్తుంది. ఎర్ర వైరు మొదటి బ్యాటరీ ప్లస్‌కి ఉంచి, నల్ల వైరు తీసుకెళ్లి నాలుగోదాని మైనస్‌కి బిగించడమే. ఇప్పుడు మొదటిదానికి ప్లస్ దగ్గరైతే మైనస్ దూరం, చివరిదానికి మైనస్ దగ్గరైతే ప్లస్ దూరం. అవే వైర్లు, అవే బ్యాటరీలు, లెక్క ఇలా మారుతుంది: 10.9, 9.1, 9.1, 10.9. పూర్తిగా సమానం కాదుగానీ బాధ లేదు. రెండు బ్యాటరీలే ఉంటే సరిగ్గా చెరి సగం వచ్చేస్తుంది. బాబాయి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు, "మరి ఆ కుర్రాళ్లు ఇలా ఎందుకు బిగించరు?" నల్ల వైరు ఇంకో మీటరు పొడుగు కావాలి బాబాయ్, అంతకంటే కారణం నాకూ దొరకలేదు.

ఇన్ని లెక్కలూ లగ్గు శుభ్రంగా ఉంటేనే. మా పాతదాని ప్లస్ లగ్గుకి పచ్చగా చిలుము పట్టి ఉంది. డీసీ క్లాంప్ లేనివాళ్లు కూడా దీన్ని పట్టుకోవచ్చు, మూడొందల రూపాయల మల్టీమీటర్ చాలు, 200 మిల్లీవోల్టుల దగ్గర తిప్పి పెట్టండి. ఒక ముల్లు బ్యాటరీ సీసం పోస్ట్ మీద, ఇంకోటి దానికి బిగించిన లగ్గు మీద. ఛార్జ్ అవుతున్నప్పుడు ఒకటీ రెండూ మిల్లీవోల్టులు చూపిస్తే బంగారం. 40 చూపించిందంటే, ఏడు ఆంపియర్ల దగ్గర ఆ చిలుమొక్కటే దాదాపు 6 మిల్లీ ఓములు, అంటే కొత్త బ్యాటరీ మొత్తం కంటే ఎక్కువ. అలాగే రెండు బ్యాటరీలకీ ఒకే పొడుగు, ఒకే మందం వైర్లుంటే, ఒక్కో వైరు ఈ కొసనుంచి ఆ కొసకి ఎన్ని మిల్లీవోల్టులో చూస్తే ఎవరెంత తీసుకుంటున్నారో తెలిసిపోతుంది. ఒకదాని మీద 6, ఇంకోదాని మీద 2 అంటే మూడింతల తేడా. కొలవాల్సింది వైరు మీద, బ్యాటరీ మీద కాదు.

పాతదాన్ని దుకాణంలో ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేశాం. కొత్తదాన్ని ఒంటరిగా పెట్టి ఛార్జ్ చేస్తే ఆరు సెల్స్ కూడా 1.24కి వచ్చాయి, బతికిపోయింది. దానికి నాలుగు నెలలే కాబట్టి అదే మోడల్ ఇంకోటి తెచ్చి, ఈసారి రెండింటినీ విడిగా నింపి, బాబాయికి చెప్పినట్టే ఎర్ర వైరు ఒకదానికి, నల్ల వైరు రెండోదానికి బిగించాం. 7.1, 6.9 వచ్చింది. క్లాంప్ మీటర్ నాన్న దగ్గరే వదిలేశాను. ఆయన ప్రతి ఆదివారం రెండు వైర్లకీ తగిలించి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నారు, కింద ఏం రాయరు, అంకెలు కనబడేలా ఫోటో మాత్రమే. పోయిన ఆదివారం 7.6, 6.3 వచ్చింది, ఈసారి పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టారు. అన్నీ ఆపేసి రెండోదాని బోల్టు బిగించి చూడమన్నాను. గంట తర్వాత 7.0, 6.9.